గీసిన గడ్డం గరగరలాడకుండా



ఈ పాఠం పేరు చూసి నవ్వొచ్చిందా? "గెడ్డం మగాళ్లకి కదా, మాకెందుకు టీచరమ్మా?" అంటారా? మా కేంద్రంలో కూడా మొదట అందరూ ఇలాగే నవ్వారు. పాఠం అయ్యేసరికి ఎవరూ నవ్వలేదు. ఎందుకో మీరే చదవండి.

ఒక కూలి పోయిన కథ

మా కేంద్రం గాజువాకలో ఉంది. రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది. పగలంతా పనికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు పలకలు, పుస్తకాలు పట్టుకుని వస్తారు.

ఒకరోజు మూలింటి అప్ప ఆలస్యంగా వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది.

"ఏమైందప్పా?" అని అడిగాను.

"ఏటి సెప్పమంటావమ్మా! మా ఇంటాయనకి ఇయ్యాల కూలి పోనాది" అంది.

ఆమె భర్త ఉక్కు పనిలో కాంట్రాక్టు కూలీ. ఆ రోజు గ్యాసు ఉండే చోట పని పడింది. అక్కడికి మాస్కు పెట్టుకోకుండా పోనివ్వరు. ఆయనకి ఐదు రోజుల గడ్డం ఉంది. "ఈ గడ్డం మీద మాస్కు అతకదు. గీసుకుని రేపు రా" అని సూపర్‌వైజరు ఇంటికి పంపేశాడు.

"మరి రోజూ గీసుకోవచ్చు కదా?" అంది పక్కనున్న చెల్లెమ్మ.

"గీసుకుంటే మొకం మంట. ఎర్రగా పొక్కులు. పోనీ అంత మంట పడి గీసుకున్నా, సాయంత్రానికి మళ్లీ గరగరలాడిపోతంది. ఎందుకేటి టీచరమ్మా? నీ పుస్తకంలో ఉందా?" అని అడిగింది అప్ప.

నా పుస్తకంలో లేదు. నాకూ తెలీదు. అందుకని మర్నాడు మా వీధి సెలూన్ బాబాయిని అడిగాను. ఆయన క్షవర వృత్తిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. "నేనే వచ్చి చేసి చూపిస్తానమ్మా" అన్నాడు. అన్నట్టే ఒక ఆదివారం సాయంత్రం కత్తి, బ్రష్షు, సబ్బు పట్టుకుని వచ్చాడు. మూలింటి అప్ప భర్తని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు.

"తల ఎత్తు బావా! గెడ్డం కనబడాలి కదా!" అని ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

ఆ రోజు మేం నేర్చుకున్నదే ఈ పాఠం.

గడ్డం ఎంత పెరుగుతుంది?

మన వెంట్రుకకు వేరు చర్మం లోపల ఉంటుంది. పైకి కనబడేది కాడ. బ్లేడు కాడనే కోస్తుంది. వేరు జోలికి పోదు. అందుకే ఎంత బాగా గీసినా గడ్డం మళ్లీ వస్తుంది.

గడ్డం రోజుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఒక బియ్యపు గింజంత పొడవు పెరగడానికి సుమారు 15 రోజులు పడుతుంది. బ్లేడు మార్చినా, సబ్బు మార్చినా ఈ వేగం మారదు.

"మరయితే కొందరికి మర్నాటిదాకా నున్నగా ఉంటాది. మా ఆయనకి సాయంత్రానికే గరగర. ఏటి తేడా?" అని అప్ప అడిగింది.

బాబాయి ఎదురు ప్రశ్న వేశాడు. "అమ్మా, నువ్వు వరి కోసినావా?"

"ఎందుకు కొయ్యలేదు! కార్ఖానా రాకముందు మాకు పొలం ఉండేది."

"కొడవలికి పదును లేకపోతే ఏమవుతాది?"

"దుబ్బు సాగుతాది. కింద మోడు పొడుగ్గా మిగిలిపోతాది. కొన్ని కంకులు కోసినా, కొన్ని నలిగిపోతాయి."

"గెడ్డమూ అంతే! చర్మం దగ్గరకంటా సమంగా తెగితే మోడు మిగలదు. సరిగా తెగకపోతే మోడు మిగిలిపోతాది. సాయంత్రం నీ చేతికి గుచ్చుకునేది కొత్త గెడ్డం ఒక్కటే కాదు. పొద్దున్న మిగిలిన మోడు కూడా!"

నేను పలక మీద లెక్క వేసి చూపించాను. రోజుకు, అంటే 24 గంటలకు, 0.4 మిల్లీమీటర్లు. 12 గంటలకు 0.2 మిల్లీమీటర్లు. పొద్దున్న గీసినప్పుడు 0.2 మిల్లీమీటర్ల మోడు మిగిలిందనుకోండి. అప్పుడు రేపు పొద్దున్న రావలసిన గరుకు ఈ రోజు సాయంత్రానికే వచ్చేస్తుంది. బాగా గీస్తే దక్కేది ఈ సగం రోజే. అంతకు మించి ఎవరైనా "వారం రోజులు నున్నగా ఉంటుంది" అని చెబితే నమ్మకండి.

కానీ మూలింటి అప్ప ఇంట్లో ఆ సగం రోజే ఒక రోజు కూలి.

మొదటి సంగతి: నానబెట్టాలి

మూలింటి అప్ప భర్త గడ్డం ఎలా గీసుకుంటాడు? తెల్లవారి లేస్తూనే చన్నీళ్లు చిలకరిస్తాడు. ఒంటి సబ్బు ఒకసారి రుద్దుతాడు. వెంటనే పాత బ్లేడుతో గీకుతాడు. బాబాయి ఇది విని తల పట్టుకున్నాడు.

"చాప అల్లేటప్పుడు ఎండు తుంగతో అల్లుతారా?" అని అడిగాడు.

"తడిపి మెత్తబడ్డాక అల్లుతాం" అన్నారు ఆడవాళ్లు.

వెంట్రుక కూడా నీళ్లు పీల్చుకుంటుంది. పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పొడి వెంట్రుక గట్టిగా ఉంటుంది. తడిసిన వెంట్రుకను తక్కువ బలంతో కోయవచ్చు. బ్లేడును నొక్కి పట్టక్కర్లేదు. నొక్కకపోతే చర్మం తెగదు.

అందుకని గడ్డం గీసుకోవలసింది స్నానం అయ్యాక. అలా కుదరకపోతే, గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, గడ్డం మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత బ్రష్షుతో సబ్బు నురగ పట్టించి, ఒక నిమిషం ఆగాలి. నురగ రెండు పనులు చేస్తుంది. తడి ఆరిపోకుండా కాపాడుతుంది. బ్లేడు జారేలా చేస్తుంది.

రెండో సంగతి: వాలు చూడాలి

ప్రతి గడ్డానికీ ఒక వాలు ఉంటుంది. బుగ్గ మీద ఒక వైపు, మెడ మీద ఇంకో వైపు ఉండవచ్చు. చేత్తో నిమిరితే తెలుస్తుంది. ఏ వైపు నిమిరితే నున్నగా ఉందో అది వాలు. ఏ వైపు నిమిరితే గుచ్చుకుందో అది ఎదురు.

మొదటిసారి వాలు వెంబడే గీయాలి. రెండో చేత్తో చర్మాన్ని కొద్దిగా సాగదీసి పట్టుకోవాలి. చిన్న చిన్న గీతలుగా గీయాలి. రెండు మూడు గీతలకోసారి బ్లేడు నీళ్లలో కడగాలి. ఇలా చేస్తే ఎక్కువ గడ్డం పోతుంది.

ఇంకా నున్నగా కావాలంటే మళ్లీ నురగ పట్టించాలి. ఈసారి అడ్డంగా గీయాలి. అంటే చెవి వైపు నుంచి ముక్కు వైపుకు. నురగ లేకుండా రెండోసారి గీస్తే మంట తప్పదు.

"మరి ఎదురు గీస్తే ఇంకా నున్నగా అవదా?" అని అడిగింది చెల్లెమ్మ.

అవుతుంది. కానీ అందరి చర్మం దానికి ఓర్చుకోదు. ఎదురు గీసినప్పుడు వెంట్రుక కొంచెం పైకి లాగబడి తెగుతుంది. తర్వాత దాని కొన చర్మం లోపలికి పోతుంది. మళ్లీ పెరిగేటప్పుడు ఆ కొన బయటకు రాకుండా లోపలే గుచ్చుకుంటుంది. అక్కడ పొక్కు లేస్తుంది. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ. మూలింటి అప్ప భర్త పొక్కులు ఇలాంటివే. ఆయన రోజూ ఎదురు గీకుతున్నాడు. అదీ పాత బ్లేడుతో!

పొక్కులు ఉన్నవాళ్లు మరీ నున్నదనం కోసం పోకూడదు. వాలు వెంబడి రెండుసార్లు గీస్తే చాలు. పొక్కుల్లో చీము పడితే డాక్టరుకు చూపించాలి.

మూడో సంగతి: పదును ఉండాలి

మనం ఉక్కు ఊళ్లో ఉన్నాం. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ పెద్ద ఉద్యమం జరిగింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు కార్ఖానాను జాతికి అంకితం చేశారు. దాని కోసం భూములిచ్చిన కుటుంబాలు మనలోనే ఉన్నాయి.

ఆ కార్ఖానాలో చేసేది ఇళ్ల స్లాబుల్లో వేసే ఊచలు, తీగ చుట్టలు, దూలాలు. బ్లేడుకు వాడే ఉక్కు వేరు. అందులో క్రోమియం అనే లోహం కలుపుతారు. తుప్పు త్వరగా పట్టకుండా అది కాపాడుతుంది. తర్వాత బాగా కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు.

అంత గట్టి బ్లేడు మెత్తని వెంట్రుక తగిలి ఎందుకు మొద్దుబారుతుంది? బ్లేడు ఉక్కు వెంట్రుక కన్నా సుమారు 50 రెట్లు గట్టిది. ఈ ప్రశ్న అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద చదువుల సంస్థలోని శాస్త్రవేత్తలకూ వచ్చింది. వాళ్లు గడ్డం గీసిన బ్లేడును సూక్ష్మదర్శినిలో చూశారు. 2020లో జవాబు చెప్పారు. బ్లేడు మెల్లగా అరిగిపోవడం ఒక్కటే కాదు, దాని అంచు చిన్న చిన్న పెళ్లలుగా ఊడుతుంది! కోసేటప్పుడు వెంట్రుక వంగుతుంది. అంచులో ఎక్కడైనా బలహీనమైన చోటు ఉంటే అక్కడ ముక్క ఊడుతుంది. ఆ గంట్లు మన కంటికి కనబడవు. కానీ చర్మానికి తెలుస్తాయి.

"పోపు డబ్బా మూత అంచు సొట్ట పడితే చెయ్యి గీరుకున్నట్టు" అంది ఒక అప్ప. సరిగ్గా అంతే.

బ్లేడు లాగుతోంది, పీకుతోంది అనిపిస్తే దాన్ని మార్చేయాలి. గీసుకున్నాక బ్లేడు కడిగి, దులిపి, ఆరబెట్టాలి. తడి గూట్లో వదిలేయకూడదు. పిల్లలు పెన్సిల్ చెక్కడానికి, మనం దారం తెంపడానికి నాన్న బ్లేడు తీసుకోకూడదు.

చివరికి చన్నీళ్లతో మొహం కడిగి, తుడవకుండా గుడ్డతో అద్దాలి. చిన్న గాటు పడితే పటిక అద్దితే రక్తం ఆగుతుంది.

మాస్కు ఎందుకు అతకదు?

మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాలి. మధ్యలో గరుకు గడ్డం ఉంటే సందులు ఏర్పడతాయి. తలుపు కింద కంకర రాయి పడితే తలుపు మూసుకుంటుందా? ఇదీ అలాగే. ఆ సందుల్లోంచి దుమ్ము, గ్యాసు లోపలికి వస్తాయి.

ఉక్కు కొలిమి గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. ఎక్కువ పీలిస్తే మనిషి స్పృహ తప్పుతాడు. ప్రాణమే పోతుంది. దుమ్ము ఆపే మామూలు మాస్కు దీన్ని ఆపలేదు. గాలి సిలిండరు ఉన్న మాస్కు కావాలి. అదీ మొహానికి బాగా అతుక్కుంటేనే కాపాడుతుంది.

ఈ మాట విన్నాక మూలింటి అప్ప కాసేపు మాట్లాడలేదు. తర్వాత భర్త వైపు తిరిగి, "ఇన్నాళ్లూ గెడ్డంతోటే ఆ మాస్కు పెట్టుకుని ఎల్లినావా మావా?" అంది. ఆయన జవాబు చెప్పలేదు.

కూలి పోయిందని ఏడ్చిన రోజు నిజానికి ఆయన ప్రాణం దక్కిన రోజేమో!

బాబాయి చెప్పిన మాట

షేవింగ్ అయిపోయింది. బాబాయి తన కత్తిలోంచి సగం బ్లేడు తీసి పాత డబ్బాలో పడేశాడు.

"ఒక్కసారి వాడినావు కదా, అప్పుడే పారేశావేం?" అని అడిగాను.

"ఒక మనిషికి ఒక బ్లేడు. అంతేనమ్మా" అన్నాడు.

ఎందుకో మా ఏ.ఎన్.ఎం. అమ్మ వివరించింది. గడ్డం గీసేటప్పుడు కంటికి కనబడని గాట్లు పడతాయి. బ్లేడుకు రక్తం అంటుకుంటుంది. ఆ రక్తంలో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి అనే కాలేయ జబ్బుల క్రిములు ఉండవచ్చు. అదే బ్లేడు ఇంకొకరికి వాడితే జబ్బు అంటుకోవచ్చు. హెపటైటిస్ బి క్రిమి శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. హెచ్.ఐ.వి. క్రిమి బయట ఎక్కువసేపు బతకదు. అయినా ఒకరి బ్లేడు ఒకరు వాడకూడదు. బ్లేడును మందు నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే సరిపోదు.

అందరికీ రుద్దే పటిక ముక్క కూడా మంచిది కాదు. ఎవరి పటిక వారిదే. ఇంట్లో తండ్రీ కొడుకులైనా ఎవరి బ్లేడు వారిదే.

ఈ జబ్బులు ఉన్నవాళ్లను దూరం పెట్టకూడదు. కలిసి తింటే, ముట్టుకుంటే ఇవి అంటవు. హెపటైటిస్ బికి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు వేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

"కొత్త బ్లేడు అడిగితే నీకు కోపం రాదా బాబాయ్?" అంది చెల్లెమ్మ.

బాబాయి నవ్వాడు. "నాకేటి కోపం? అందరి రక్తం తగిలేది ముందు నా చేతికే కదమ్మా! సగం బ్లేడు ఖరీదు ఒక టీ ఖరీదు కూడా ఉండదు. అడగండి. నోరు తెరిచి అడగండి" అన్నాడు.

గుండుకూ ఇదే మాట

సింహాచలం అప్పన్న దగ్గర పిల్లలకు పుట్టు వెంట్రుకలు తీయిస్తాం. మొక్కు మొక్కుకుని మనమూ తలనీలాలు ఇస్తాం. అప్పుడు కూడా కొత్త బ్లేడు వేయమని అడగాలి. మన కళ్ల ముందే వేయించాలి.

ఇంకో సంగతి. "గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది" అంటారు. "గడ్డం గీస్తే ముదురుతుంది" అంటారు. రెండూ నిజం కావు. 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశారు. ఆమె కూడా మనలాంటి ఆడమనిషే. గీసినందువల్ల వెంట్రుక లావు కాదని, వేగంగా పెరగదని తేల్చారు. మొదట వెంట్రుక కొన సన్నగా ఉంటుంది. కోశాక చివర మొండిగా ఉంటుంది. అందుకే గరుకుగా, ముదురుగా అనిపిస్తుంది.

అద్దం పక్కన కాగితం

వారం గడిచింది. మూలింటి అప్ప కేంద్రానికి ఒక కాగితం పట్టుకొచ్చింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. అక్షరాలు కొంచెం వంకర. కానీ అన్నీ ఆమె రాసినవే.

నానబెట్టు.
నురగ పెట్టు.
వాలు చూడు.
నొక్కకు.
నీ బ్లేడు నీదే.

"మా అద్దం పక్కన అంటించడానికి రాసినాను. తప్పులుంటే దిద్దమ్మా" అంది.

ఒక్క తప్పు కూడా లేదు.

"బావ పనికి వెళ్తున్నాడా?" అని అడిగాను.

"ఎల్తన్నాడు. పొక్కులు తగ్గినాయి. రోజూ షిఫ్టుకి ముందు గీసుకుంటన్నాడు. నాను సదివి సెప్తన్నాను, ఆయన సేస్తన్నాడు" అంది. ఆయనకు ఇంకా చదవడం రాదు. వచ్చే నెల నుంచి ఆయనా వస్తానన్నాడట.

గుర్తుంచుకుందాం

1. గడ్డాన్ని గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు నానబెట్టాలి.
2. నురగ లేకుండా బ్లేడు పెట్టకూడదు.
3. మొదట వాలు వెంబడి, చర్మం ఓర్చుకుంటే తర్వాత అడ్డంగా గీయాలి.
4. మొద్దు బ్లేడు మార్చేయాలి.
5. ఒక మనిషికి ఒక బ్లేడు.
6. వాడిన బ్లేడు చెత్తలో వేయకూడదు. మూత ఉన్న పాత డబ్బాలో వేయాలి. చెత్త ఎత్తే చేతులు కూడా మనలాంటి ఆడవాళ్లవే.

కొత్త మాటలు చదవండి

వెంట్రుక – నురగ – వాలు – మొద్దు – పదును – పటిక – టీకా – కాలేయం – విషవాయువు

ఖాళీలు నింపండి

1. గడ్డం రోజుకు సుమారు ______ మిల్లీమీటర్లు పెరుగుతుంది.
2. హెపటైటిస్ బి క్రిమి బయట కనీసం ______ రోజులు బతకగలదు.
3. తడిసిన వెంట్రుక ______గా ఉంటుంది.

లెక్క చేయండి

రోజుకు 0.4 మిల్లీమీటర్ల చొప్పున 5 రోజులకు గడ్డం ఎంత పెరుగుతుంది? మూలింటి అప్ప భర్తను వెనక్కి పంపిన రోజు ఆయన గడ్డం అంతే ఉంది.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఒకే బ్లేడు ఎంతమంది వాడుతున్నారు?
2. సెలూన్‌లో కొత్త బ్లేడు అడగడానికి మగవాళ్లు ఎందుకు మొహమాట పడతారు?
3. మీ ఇంటివాళ్లు పనిచేసే చోట మాస్కు, హెల్మెట్, బూట్లు ఇస్తున్నారా? ఈ రాత్రి అడిగి తెలుసుకోండి. రేపు వచ్చి చెప్పండి.

రాయండి

మూలింటి అప్ప లాగా మీరూ ఒక కాగితం రాయండి. మీ ఇంట్లో అద్దం పక్కన అంటించండి. మీ అక్షరాలను మీ ఇల్లంతా చూడాలి.